విడుపుస్నానం లేని ప్రేమకథ – టీకా తాత్పర్య సహితం

అవతారిక

కావ్యాలకు వ్యాఖ్య రాయబోయే ముందు కోలాచల మల్లినాథసూరి ఒక ఒట్టు పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. ఆయన మెదకుసీమ మహాపండితుడు. పైగా ఆయనకు దొరికినవాడు కాళిదాసు. నాకు దొరికింది మా మేనత్త. అందుచేత ఒట్టులో మొదటి సగం ఎలాగో నిలబెట్టుకుంటాను, రెండో సగానికి హామీ లేదు. కాళిదాసు మీద ఆయన చేసిన వ్యాఖ్యకు సంజీవని అని పేరు. దీని పేరు నిద్రాభంజని.

వ్యాఖ్యేయ గ్రంథం రెండు వాక్యాలు. అవతరించిన స్థలం ఆమదాలవలస. సందర్భం ‘మూన్ లవర్స్: స్కార్లెట్ హార్ట్ ర్యో’ అనే కొరియా ధారావాహిక ఇరవయ్యో భాగం, అంటే ఆఖరిది, పూర్తయిన అర్ధరాత్రి. దక్షిణ కొరియాలో ఎస్‌బీఎస్ చానల్ దీన్ని 2016 ఆగస్టు 29 నుంచి నవంబరు 1 వరకు సోమ, మంగళవారాల్లో ప్రసారం చేసింది. మా అత్త ఫోనుకి చేరడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. డిగ్రీ చదువుతున్న మనవరాలు తెర అడుగున పరిగెత్తే ఇంగ్లీషు అక్షరాలు చదివి తెలుగులో చెప్తుంటే, మూలకర్త్రి వింటూ, మధ్యమధ్య రాజకుమారుల్ని పేరుపేరునా తిడుతూ చూసింది. పేర్లు నోరు తిరగకపోతే నెంబర్లతో తిట్టింది. అందుకు ఇబ్బంది లేదు, ఆ నాటకంలో రాజకుమారులకి నెంబర్లున్నాయి.

మూలం

“ఓలమ్మ! గెరనంలో మునిగిన గుంట ఎయ్యేళ్ళు ఎనక్కెల్లినాది, రాజుని కట్టుకోనేదు, రాసిన ఉత్తరం ఆడు ఇప్పనేదు, ఏడవడానికి మల్లీ ఇటే వచ్చినాది. దీనికేటి ఇన్ని రేత్రులు నిద్ర సెడగొట్టుకున్నాం!”

ప్రతిపదార్థం

ఓలమ్మ = ఇది సంబోధన కాదు, ఎవరినీ పిలవడం లేదు. మంగళాచరణం అనుకోవచ్చు. శ్రీకాకుళం జిల్లాలో సంతోషానికీ శోకానికీ కరెంటు పోవడానికీ ఇదే నాంది.

గెరనంలో మునిగిన = గ్రహణ సమయమునందు నీట మునిగినట్టి. ఇక్కడ వ్యాఖ్యాత కాస్త నిలబడాలి. కథానాయిక గో హాజిన్ ఇరవై ఒకటో శతాబ్దపు అమ్మాయి, సౌందర్య సాధనాలు అమ్మే ఉద్యోగం. నమ్మినవాళ్ళు మోసం చేస్తే నీటి ఒడ్డున కూచుని తాగుతూ ఏడుస్తోంది. అంతలో ఒక పిల్లాడు నీళ్ళలో పడ్డాడు. దూకి వాణ్ణి బయటికి నెట్టింది, తను మునిగింది. సరిగ్గా అదే సమయానికి ఆకాశంలో సంపూర్ణ సూర్యగ్రహణం. తేలేసరికి పదో శతాబ్దం, కొర్యో రాజ్యం. తేలిన చోటు రాజకుమారులు జలకాలాడుతున్న కొలను. ఒళ్ళు కూడా తనది కాదు, హే సూ అనే మరో అమ్మాయిది.

మన ధర్మశాస్త్రం ప్రకారం ఇందులో వింతేమీ లేదు. గ్రహణం పట్టగానే ఒక స్నానం, విడిచాక మరొకటి. ఈ పిల్ల పట్టుస్నానం చేసింది, విడుపుస్నానం చెయ్యలేదు. ఇరవై భాగాల దుఃఖానికి మూలకారణం ఇదేనని మూలకర్త్రి అభిప్రాయం. వ్యాఖ్యాత కూడా విభేదించడు. ఎందుకంటే చివర్న ఆ పిల్ల ఈ కాలానికి తిరిగొచ్చినప్పుడు ఆకాశంలో గ్రహణం లేదు, ఒంటి మీద నీళ్ళూ లేవు. అక్కడ ప్రాణం పోయింది, ఇక్కడ మెలకువ వచ్చింది, అంతే. వెళ్ళడానికి సూర్యుడూ చంద్రుడూ ఒక వరసలో నిలబడాల్సి వచ్చినప్పుడు రావడానికి ఏమీ అక్కర్లేకపోవడం ఏ శాస్త్రం?

మన దగ్గర కూడా 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణచ్ఛాయ కర్ణాటక తీరాన దేశంలో అడుగుపెట్టి తెలంగాణ మీదుగా ఒడిశా తీరానికి పోయింది. హైదరాబాదుకు చేరువలో జపాల్-రంగాపూర్ వేధశాల దగ్గర శాస్త్రజ్ఞులు దుర్భిణీలు పెట్టుకు నిలబడ్డారు. తక్కిన తెలుగు జనమంతా తలుపులేసుకుని, ఆవకాయ జాడీ మీద దర్భ వేసి, కడుపుతో ఉన్న కోడల్ని కదలొద్దని చెప్పి ఇంట్లో కూచున్నారు. గ్రహణం పేరిట పాత శతాబ్దంలోకి జారిపోయిన తెలుగువాడు చరిత్రలో ఒక్కడూ లేకపోవడానికి కారణం ఇదే. హేతువాదులు ఈ లాభాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

గుంట = ఆడపిల్ల. పాత్రధారిణి ఐయూ, అసలు వృత్తి చేత గాయని. ఆవిడ మీద మూలకర్త్రికి ఏ ఫిర్యాదూ లేదు. పిల్ల బాగా ఏడిచిందని రెండుసార్లు మెచ్చుకుంది.

ఎయ్యేళ్ళు ఎనక్కెల్లినాది = సహస్ర సంవత్సరముల పూర్వమునకు పోయెను. కాలం దాటి పెళ్ళి చేసుకున్న పిల్ల మన పురాణాల్లో ఉంది, ఆమె పేరు రేవతి. తండ్రి కకుద్మి మహారాజు కూతురికి తగిన వరుణ్ణి అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్ళాడు. అక్కడ గంధర్వుల పాట నడుస్తోంది. అయ్యేదాకా ఆగి, పట్టుకొచ్చిన వరుల జాబితా చెప్పబోతే బ్రహ్మ నవ్వాడు. ఈ కాసేపట్లో భూమ్మీద ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచాయి, నీ జాబితాలో వాళ్ళకి మునిమనవలు కూడా మిగల్లేదు, వెళ్ళి బలరాముడికి ఇవ్వు అన్నాడు. ఇచ్చారు. పాతయుగపు పిల్ల కదా, వరుడి కంటే మరీ పొడుగుంది. బలరాముడు ఏడవలేదు, చరిత్ర ఏమవుతుందోనని బెంగపడలేదు. నాగలి మొన తగిలించి తనకు సరిపడే ఎత్తుకు దించుకున్నాడు. పెళ్ళయింది.

ఆ నాగలి సామాన్యమైనది కాదు. స్థలపురాణం ప్రకారం నాగావళి పుట్టింది దాని చాలులోనే. కరవులో జనం మొర పెట్టుకుంటే బలరాముడు నేలను నాగలితో గీశాడని, ఆ నది వెంట అయిదు శివలింగాలు ప్రతిష్ఠించాడని, శ్రీకాకుళం ఉమారుద్ర కోటేశ్వరుడు వాటిలో ఒకడని ఇక్కడి వాడుక. ఆమదాలవలస ఆ నాగావళి పక్క ఊరు. అంటే కాలయానం చేసి వచ్చిన పెళ్ళికూతురి మొగుడు తవ్విన ఏటి నీళ్ళు తాగి పెరిగిన మనిషి మూలకర్త్రి. కాలంలో ప్రయాణించిన పిల్లకి పెళ్ళి ఎలా చెయ్యాలో ఈ నేల మీద నిర్ణయమైపోయి యుగాలయింది. కొరియా దర్శకుడు కిమ్ క్యూ-తే వచ్చి చెప్తే ఆవిడ ఒప్పుకోకపోవడంలో ఆశ్చర్యమేముంది!

అదే స్థలపురాణంలో వేళ కాని వేళ వచ్చినవాడి కథ కూడా ఉంది. దర్శనవేళ దాటాక ఇంద్రుడు కోటేశ్వరుడి గుడికి వచ్చి తోసుకుపోబోతే నంది ఒక్క తన్ను తన్నాడు. ఇంద్రుడు వెళ్ళి పడ్డ చోటు అరసవల్లి. అక్కడ తవ్వితే సూర్యవిగ్రహం దొరికింది, గుడి కట్టాడు. ఏటా మార్చిలో, అక్టోబరులో ఆ మూర్తి పాదాల మీద సూర్యకిరణాలు పడతాయని జనం తెల్లారకముందే వరస కడతారు. ఇక్కడ గమనించాల్సింది, కాలం తప్పి వచ్చినవాడు తన్ను తిన్నా సరే, ఒక గుడి మిగిల్చి వెళ్ళాడు. హే సూ ఏమి మిగిల్చింది అన్నదే ఈ వ్యాఖ్యకు అసలు ప్రశ్న.

ఆమె వెంట తీసుకెళ్ళిన విద్య ఒకటుంది, అలంకరణ. నాలుగో రాజకుమారుడు వాంగ్ సో ముఖాన చిన్నప్పుడు కన్నతల్లి చేసిన గాయం మచ్చ, దాన్ని దాచడానికి ముసుగు. వర్షం కోసం చేసే క్రతువులో అతను జనం ముందు నిలబడాల్సి వచ్చినప్పుడు ఈమె ఆ మచ్చ కనబడకుండా రంగు అద్దింది. ముసుగు తీసి నడిచాడు, వాన కురిసింది. నాటకం మొత్తంలో ఇరవై ఒకటో శతాబ్దం పదో శతాబ్దానికి చేసిన సాయం ఇదొక్కటే. మూలకర్త్రి ఆ రోజు మాత్రం నిద్ర చెడినందుకు విచారించలేదు.

మిగతాదంతా? శ్రీకాకుళం వెళ్ళాలని టిక్కెట్టు తీసుకున్న కొత్తవాడు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి, ఊరొచ్చేసింది అనుకుంటాడు. తీరా చూస్తే అది ఆమదాలవలస, బయటికొచ్చి బస్సో ఆటోనో ఎక్కాలి. హే సూ స్టేషన్లోనే కూచుండిపోయింది. పదో శతాబ్దంలో దిగింది గానీ చరిత్ర జరుగుతున్న ఊరికి ఆటో ఎక్కలేదు.

రాజుని = గ్వాంగ్‌జాంగ్ చక్రవర్తిని. ఇతను కల్పిత పాత్ర కాదు. 918లో కొర్యో రాజ్యాన్ని స్థాపించిన వాంగ్ గోన్ కొడుకు. వాంగ్ గోన్‌కి ఇరవై తొమ్మిది మంది భార్యలు. దేశంలో ఎక్కడెక్కడి బలమైన కుటుంబాలతోనో వియ్యం అందుకుని రాజ్యం కూడగట్టాడు. ఫలితంగా ఇల్లంతా వారసులు. 943లో అతను పోయాక ఆరేళ్ళలో ఇద్దరు రాజులు వచ్చి పోయారు. ఆ మొదటి రాజుని నాటకంలో స్నానపు నీళ్ళలో పాదరసం కలిపి చంపారు. ఈ కథలో స్నానం ఎవరికీ అచ్చిరాలేదని మరోసారి మనవి. 949లో సింహాసనం ఎక్కిన గ్వాంగ్‌జాంగ్ 975 దాకా ఏలాడు.

ఏలి ఏమి చేశాడు? 956లో, అన్యాయంగా బానిసలుగా చేసిన వాళ్ళ లెక్కలు తిరగతోడి విడిపించమని శాసనం చేశాడు. దొరల ఇళ్ళలో పనివాళ్ళూ పోయారు, ఆ పనివాళ్ళతో నడిచే సొంత బలగమూ పోయింది. 958లో పరీక్ష పెట్టి ఉద్యోగులను ఎంచుకునే పద్ధతి తెచ్చాడు. పుట్టుకను బట్టి కాక, రాసిన దాన్ని బట్టి కొలువు. ఆ తరవాత ఎదురు తిరిగిన దొరలను, బంధువులను నిర్దాక్షిణ్యంగా ఏరిపారేశాడు. మంచీ చెడ్డా కలిసిన గట్టి పిండం. గ్రూప్-2 కోసం పుస్తకాల మీద వాలిన మన జిల్లా కుర్రకారు ఏ దేశపు రాజుకైనా దణ్ణం పెట్టదలిస్తే, లేదా తిట్టదలిస్తే, ఇతను అర్హుడు.

ఆ పరీక్ష ఆలోచన ఎవరిది? చైనాలోని తరువాతి చౌ రాజ్యం నుంచి రాయబారం వెంట వచ్చి, జబ్బు చేసి కొర్యోలో ఉండిపోయిన షువాంగ్ చీ అనే పెద్దమనిషిది. అతను చెప్పాడు, రాజు విన్నాడు. హాజిన్ వచ్చింది ఏ దేశం నుంచి? కాలేజీ ప్రవేశపరీక్షలో వినికిడి ప్రశ్నలు నడిచే కాసేపు విమానాలు కూడా దిగకుండా ఆపే దేశం నుంచి. పరీక్ష అన్న మాట ఆ పిల్ల నోటి వెంట రాలేదు. వెయ్యేళ్ళు దాటి వచ్చినావిడకి తోచనిది జబ్బుపడి ఆగిపోయిన పెద్దమనిషికి తోచింది. మూలకర్త్రికి ఈ సంగతి నేను చెప్పినప్పుడు ఆవిడ ముఖకవళికల్ని వర్ణించడానికి ఏ అలంకారశాస్త్రమూ చాలదు.

కట్టుకోనేదు = పెండ్లాడలేదు. ముందు ఎనిమిదోవాణ్ణి ప్రేమించింది. అతను అవసరానికి వెనక్కి తగ్గాడు. తరవాత నాలుగోవాడు. రాజయ్యాక అతను తన సవతి చెల్లెల్ని పట్టమహిషిని చేసుకున్నాడు. చరిత్రలోనూ అంతే, రాజవంశంలో అప్పటి రివాజు. మూలకర్త్రి ఈ చోట ఫోను బోర్లించి కాసేపు మాట్లాడలేదు. ఆ మౌనానికి వ్యాఖ్య రాసే ధైర్యం నాకు లేదు. చివరికి హే సూ పద్నాలుగోవాణ్ణి పేరుకు పెళ్ళాడి కోట బయటపడింది.

ఈ నెంబర్ల రహస్యం చెప్తాను. అసలు కథ చైనాలో తోంగ్ హ్వా 2005లో రాసిన నవల, అక్కడ 2011లో టీవీకెక్కింది. అందులో అమ్మాయి చింగ్ వంశపు కాంగ్షీ చక్రవర్తి కొలువులో పడుతుంది. నాలుగు, ఎనిమిది, పది, పదమూడు, పద్నాలుగు అని రాజకుమారుల వరస అక్కడిది. కొరియావాళ్ళు నెంబర్లు నెంబర్లుగానే తెచ్చి ఎనిమిది శతాబ్దాలు వెనక్కి జరిపి కొర్యోలో దింపారు. అక్కడి అమ్మాయికి మాత్రం ఏ నెంబరు గెలుస్తుందో, ఏ నెంబరు జైల్లో పడుతుందో ముందే తెలుసు. తెలిసి ప్రేమించడం ఆమె వ్యథ, అందులో పస ఉంది. ఇక్కడి పిల్లకి గ్వాంగ్‌జాంగ్ అనే రాజు నెత్తుటి మనిషి అని మాత్రం గుర్తు, ఎదుట నిలుచున్నవాడే ఆ రాజని సగం నాటకం గడిస్తే గానీ తెలియదు. తెలిశాక కూడా చేసింది భయపడటమే. పాఠం చదవకుండా పరీక్షకి వచ్చినవాళ్ళ భయం అది, చదివి రాయలేనివాళ్ళది కాదు.

రాసిన ఉత్తరం ఆడు ఇప్పనేదు = లిఖితమైన లేఖను అతడు విప్పడయ్యెను. మూలానికి గుండెకాయ ఇదే. కోట బయట జబ్బుతో ఉన్న హే సూ ఒక్కసారి వచ్చి చూడమని రాజుకి ఉత్తరాలు రాస్తుంది. ఆమె రాత అచ్చం రాజుగారి రాత. రాజు దగ్గరే నేర్చుకుంది మరి. పైన ఆ దస్తూరి చూస్తే లోకం ఏమనుకుంటుందోనని, పెద్దమనిషి తరహాలో ఆ పద్నాలుగోవాడు ఉత్తరాన్ని ఇంకో కవర్లో పెట్టి తన చేత్తో చిరునామా రాశాడు. తమ్ముడి దస్తూరి చూసి రాజు విప్పకుండా పక్కన పడేశాడు. విప్పేసరికి ఆమె లేదు, కూతురు మిగిలింది.

ప్రేమలో ఆనవాలు తప్పిపోవడం కొత్త కాదు. శకుంతల ఉంగరం నీళ్ళలో జారింది. కానీ దుష్యంతుడు మరిచిపోవడానికి దుర్వాసుడి శాపం ఉంది, ఉంగరం తిరిగి రావడానికి చేప ఉంది, పట్టడానికి జాలరి ఉన్నాడు, అతన్ని పట్టుకోవడానికి భటులున్నారు. అంత యంత్రాంగం పెట్టాడు కవి. ఇక్కడ శాపం లేదు, చేప లేదు. ఉన్నది ఒక కవరు. రసభంగానికి అనౌచిత్యం తప్ప మరో కారణం లేదని ఆనందవర్ధనుడు తేల్చాడు. పైకవరు అనౌచిత్య భేదాల్లో ఎక్కడికి చెందుతుందో ఆయన చెప్పలేదు. మూలకర్త్రి చెప్పింది: “పెద్ద రాజ్జం ఏల్తాడు గానీ కవరిప్పడానికి సెయ్యిరాదు ఈడికి!” ఇది పాఠాంతరంగా కొన్ని ప్రతుల్లో మాత్రమే కనిపిస్తుంది.

ఏడవడానికి మల్లీ ఇటే వచ్చినాది = రోదనార్థము మరల ఈ కాలమునకే ఏతెంచెను. మెలకువ వచ్చిన హాజిన్ ఒక ప్రదర్శనశాలలో కొర్యో కాలపు చిత్రపటాల ముందు నిలబడుతుంది. పటంలో ఒంటరిగా రాజు. అంతా గుర్తొచ్చి కూలబడి ఏడుస్తుంది. ఆమె ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తానని అతనన్న మాట ఒకటి గాల్లో మిగిల్చి నాటకం ముగుస్తుంది. గ్వాంగ్‌జాంగ్ ఏలిన ఆ కోట చోటు ఇప్పుడు కేసాంగ్ నగరంలో, ఉత్తర కొరియాలో ఉంది. హాజిన్ పాపం అక్కడికి వెళ్ళి ఏడ్చే వీలు కూడా లేదు. నాటకం ఈ మాట ఎత్తదు గానీ, ఎత్తి ఉంటే నిజమైన ఎడబాటు ఒకటి దొరికేది.

దీనికేటి = ఏతదర్థమేనా? ఇందులో కాకువు ఉంది. ప్రశ్నలా వినిపిస్తుంది గానీ జవాబు అడగడం లేదు.

పూర్వపక్షం

మనవరాలు అంటుంది: విషాదాంతమే దీనికి అందం. ఇద్దరూ కలిసిపోతే ఎవరు గుర్తుపెట్టుకుంటారు? మామ్మకి పాత తెలుగు సినిమా ముగింపు కావాలి. ‘ఆదిత్య 369’లో లాగా హీరో హీరోయిన్ కలిసి యంత్రం ఎక్కి, శ్రీకృష్ణదేవరాయల దర్శనం చేసుకుని, కలిసి తిరిగి రావాలి.

సిద్ధాంతం

కాదు. సింగీతం శ్రీనివాసరావు 1991లో జంటను జంటగానే 1526కి పంపాడన్నది నిజమే, అందులో తెలివుంది. ఎడబాటు గొడవ తప్పింది, వజ్రం గొడవ మిగిలింది, కథ నడిచింది. కానీ మూలకర్త్రి విషాదాంతానికి శత్రువు కాదు. ‘దేవదాసు’ను ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. పార్వతి గుమ్మం దాకా పరిగెత్తడం, తలుపులు మూసెయ్యడం ఆవిడకి ఇప్పటికీ కన్నీళ్ళే. అక్కడ తలుపు మూసింది లోకం. లోకం తలుపు మూస్తుందని ఎవరికైనా తెలుసు, అందుకే ఏడుపు వస్తుంది.

ఆవిడ ఫిర్యాదు వేరు. ఈ కథలోంచి గ్రహణాన్ని తీసేసి చూడండి. హే సూ పదో శతాబ్దంలోనే పుట్టిన పిల్ల అనుకోండి. ఎనిమిదోవాణ్ణి ప్రేమిస్తుంది, నాలుగోవాణ్ణి ప్రేమిస్తుంది, రాజకీయాలకు బలవుతుంది, ఉత్తరం విప్పరు, చనిపోతుంది. వానక్రతువు రంగు తప్ప ఏదీ మారదు. వెయ్యేళ్ళ దూరం ఆమెకి ఒక్క పనిలోనూ అక్కరకు రాలేదు. బానిసల శాసనం ఆమె మాట వల్ల పుట్టలేదు, పరీక్ష ఆమె తలపు కాదు. పోనీ, చరిత్రని మార్చబోయి తనే ఆ నెత్తురుకి కారణమైందా అంటే, ఆ దారిలో నాలుగు అడుగులు వేసి ఆగిపోయింది. రాజకుమారులు అందగాళ్ళు, ఎడబాటు సంగీతం బాగుంది, కెమెరా వాళ్ళ మొహాలకి చాలా దగ్గరగా పెట్టారు. ఆ మొహాల వెనక ఇరవై ఆరేళ్ళు ఏలిన మనిషికి చివర్లో దక్కిన చోటు జానెడు.

తాత్పర్యం

గ్రహణ సమయమున నీట మునిగిన ఒకానొక బాలిక వేయి సంవత్సరములు వెనుకకు పోయి, తన కాలపు విద్యను ఒక్క మచ్చకు వినియోగించి, తక్కినదానిని కన్నీటికి వినియోగించి, ప్రియునిచే లేఖ విప్పించుకొనజాలక, విడుపుస్నానము లేకయే మరలి వచ్చెనని, అట్టిదానికొరకు ఆమదాలవలస యందలి ఒక గృహమున దీపములు ఆరకుండెనని భావము.

విశేషాంశాలు

రసం విప్రలంభం, కరుణలోకి జారింది, జారినచోట నిలవలేదు. ధ్వని: తిరిగి ఇదే మనవరాలితో మరో నాటకం చూస్తాను, అని.

ధ్వని నిజమైంది. 2025లో ‘బాన్ అప్పెటీ, యువర్ మెజెస్టీ’ అని పన్నెండు భాగాల నాటకం వచ్చింది. వంటల పోటీ గెలిచి ఫ్రాన్సు నుంచి విమానమెక్కిన కొరియా అమ్మాయి, సరిగ్గా సూర్యగ్రహణం వేళకి, జొసాన్ కాలపు ఒక క్రూర రాజు దగ్గర పడుతుంది. మూలకర్త్రి మొదట అనుమానపడింది. విమానంలో గ్రహణస్నానం ఎక్కడిదని అడిగింది. కానీ ఈ పిల్ల వచ్చీ రాగానే పొయ్యి దగ్గరికి నడిచింది. రాజుకి వండి పెట్టింది, వండి ప్రాణం దక్కించుకుంది, వంట పందెంలో పరదేశపు వంటవాళ్ళని ఎదిరించింది. తిన్నకొద్దీ రాజు మెత్తబడ్డాడు. “ఈ గుంటకి పనొచ్చు” అని మొదటి రాత్రే తీర్పు వచ్చేసింది. చివరి భాగంలో రాజు ఎవరూ అనుకోకుండా ఈ కాలానికి వచ్చి ఆమె ఎదుట నిలబడతాడు. ఎలా వచ్చాడు, ఏ గ్రహణం పట్టింది, ఎక్కడ మునిగాడు, ఏమీ చెప్పరు. మనవరాలు అదేం లాజిక్ అని గింజుకుంది. మూలకర్త్రి మాత్రం విడుపుస్నానం ఊసే ఎత్తలేదు, ఆ అబ్బాయికి భోజనం పెట్టారో లేదో చూడమంది.